అందరూ ఉన్నారా?

మా అమ్మమ్మ ఫోనెత్తితే "హలో" అనదు. "బాగున్నారా" అని కూడా అనదు. "అందరూ ఉన్నారా?" అంటుంది. చిన్నప్పుడు మాకు ఇదో పెద్ద జోకు. ఉండక ఎక్కడికి పోతాం అమ్మమ్మా అని నేనూ మా చెల్లీ పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆవిడేమీ అనుకునేది కాదు, "ఉంటే చాల్లే" అని అసలు విషయంలోకి వచ్చేసేది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియడానికి ఒక తుఫాను పట్టింది. అది కూడా నేను చూసిన తుఫాను కాదు, నేను లేని ఊళ్ళో వచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. నేనప్పుడు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్. అమ్మా, నాన్నా, చెల్లీ గాజువాకలో. మా హాస్టల్లో ఫోన్లు నిషేధం (ఆ రోజుల్లో ఏ కార్పొరేట్ కాలేజీలో కాదు కనక). వారానికోసారి ఆదివారం వార్డెన్ గారి సెల్లు నుంచి ఇంటికి మాట్లాడొచ్చు. పొద్దున తొమ్మిదింటికి నా వంతు వస్తే నాన్న ఎత్తారు. వెనకాల గాలి హోరు వినపడుతోంది. "కిటికీలకి అట్టలు కట్టాం, నువ్వు చదువుకో" అన్నారు. అదే ఆఖరి మాట. మధ్యాహ్నం పన్నెండు దాటాక పూడిమడక దగ్గర తీరం దాటిందని టీవీలో చెప్పారు. ఆ తర్వాత ఏ విశాఖ నంబరుకి కొట్టినా స్విచ్ ఆఫ్ గానీ, కవరేజీ ఏరియా బయట గానీ ఉన్నారనే పాట.

మా హాస్టల్లో వైజాగ్ వాళ్ళం పద్నాలుగు మందిమి. ఒక వార్డెను, ఒక ఫోను. సాయంత్రం నుంచి ఆయన గది ముందు క్యూ కట్టాం. మెస్సులో టీవీ పెట్టారు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయి కనపడుతోంది, బీచ్ రోడ్డు కనపడుతోంది, కూలిన చెట్లు కనపడుతున్నాయి. గాజువాకలో మా సందు మాత్రం కనపడదు. ఉపగ్రహం తుఫాను కంటిని గీతగీసినట్టు చూపిస్తుంది, ఆరు రోజుల ముందు పుట్టిన అల్పపీడనం ఎక్కడ దాటుతుందో ఇంచుమించు ముందే చెప్పేస్తుంది, కానీ "మావాళ్ళు ఎలా ఉన్నారు" అనే చిన్న ప్రశ్నకి మాత్రం దేశంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకు ఆ రెండు రోజుల్లో పట్టుకున్న ఆలోచన ఇదే, ఇప్పటికీ వదల్లేదు.

మంగళవారం పొద్దున బ్రేక్‌ఫాస్ట్ టైములో వార్డెన్ గారు పిలిచి ఫోను చేతిలో పెట్టారు. నాన్న నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్. "ఆల్ సేఫ్. నో కరెంట్. డోంట్ వర్రీ." టైము చూస్తే సోమవారం సాయంత్రం 6:04. అంటే పదిహేను గంటలుగా అది ఆ ఫోన్లో, పద్నాలుగు మంది పిల్లల అమ్మానాన్నల మిస్డ్ కాల్స్ మధ్య పడి ఉంది. విశాఖ నుంచి విజయవాడ మూడొందల యాభై కిలోమీటర్లు. అది క్షణాల్లో దాటేసింది. వార్డెన్ గది నుంచి నా మంచం దాకా ఉన్న ఇరవై అడుగులకి ఒక రాత్రి పట్టింది. ఆయన్ని తిట్టుకోవాలనిపించలేదు, ఆయనా రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ తర్వాత ఏదో పండక్కి ఇంటికెళ్ళినప్పుడు (ఆ ఏడాది ఏ పండగకి ఎవరింటికి వెళ్ళామో కూడా గుర్తులేదు) ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. రెండు రోజులు ఎలా గడిచాయో చెప్తుంటే ఆవిడ మామూలుగా "మాకు అయిదు రోజులు" అంది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. అమ్మమ్మ అత్తారిల్లు పామర్రు వైపు, పుట్టిల్లు నాగాయలంక దగ్గర ఒక పల్లె. మా అమ్మ అప్పటికి ఏడాది పిల్ల. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, ఇలా సముద్రం పక్కనున్న ఊళ్ళ మీదికి పదిహేను ఇరవై అడుగుల నీళ్ళు వచ్చి పడ్డాయి. చనిపోయినవాళ్ళు పదివేలకు పైమాటే. సొర్లగొంది లాంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే లేవు. గాలికి టెలిఫోన్ స్తంభాలు, కరెంటు స్తంభాలు వాలిపోయాయి, రోడ్ల మీద నీళ్ళు, చెట్లు. లోపల ఏం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది.

ఆ రోజుల్లో ఫోను అంటే ఏమిటో మన వయసు వాళ్ళకి ఊహకి అందదు. పోస్టాఫీసుకో, కలిగినవాళ్ళింటికో వెళ్ళి ట్రంకాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు, లైట్నింగ్ కాల్‌కి రేటు కూడా పిడుగే. అసలు పల్లెలో అవతల ఎత్తడానికి ఫోనుంటే కదా. తుఫాను హెచ్చరిక ఆకాశవాణిలో వచ్చింది. కానీ రేడియో ఉన్న ఇల్లు ఎన్ని, ఉన్నా ఆ హెచ్చరిక విని ఎక్కడికి పోవాలి? తలదాచుకోవడానికి ఒక పక్కా బిల్డింగు లేని ఊళ్ళు. గాలివాన వస్తే ఇంట్లో తలుపేసుకుని కూర్చోవడమే వాళ్ళకి తెలిసిన జాగ్రత్త. ఉప్పెనలో సరిగ్గా అదే ప్రాణం తీసింది.

తాతయ్యా, అమ్మమ్మ తమ్ముడూ బయల్దేరారు. ఆ తమ్ముడు పామర్రులో అక్క దగ్గరుండి చదువుకుంటున్నాడు కాబట్టి బతికిపోయినట్టు లెక్క. చల్లపల్లి దాటాక బస్సు లేదు. అక్కడి నుంచి నడక, కొంత దూరం నాటు పడవ. అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని దారిలో వచ్చేవాళ్ళని, అంటే దివి వైపు నుంచి నడుచుకుంటూ పైకి వస్తున్న తెలియని మనుషుల్ని, ఒక్కొక్కరినీ ఊరి పేరు చెప్పి అడిగేదట. "మా వాళ్ళు ఉన్నారా?" ఎవరికీ తెలియదు. అయిదో రోజు తాతయ్య వచ్చి అరుగు ఎక్కకుండానే "మీ అమ్మా, పెద్దన్నా ఉన్నారు" అన్నాడు. మిగతా పేర్లు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఆ మాట విన్న తర్వాత మేమెవరం ఆ జోకు వెయ్యలేదు.

ఇక చరిత్రలోకొస్తే, దివిసీమ తర్వాత మన ప్రభుత్వాలు పాఠం నేర్చుకోలేదనడం అన్యాయం. బాగానే నేర్చుకున్నాయి, ఒక వైపు మాత్రం. తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1983లో ఇన్సాట్-1బి పైకెళ్ళాక, హెచ్చరికని నేరుగా ఉపగ్రహం నుంచి అందుకుని సైరన్ మోగించి, స్థానిక భాషలో వినిపించే రిసీవర్లని కోస్తాలో ఎంపిక చేసిన చోట్ల పెట్టారు. స్తంభాలు పడిపోయినా వార్త ఆగదు, ఎందుకంటే మధ్యలో తీగె లేదు. 1990 మే 9న దాదాపు అదే చోట, కృష్ణ నోటి దగ్గర, అంతే భయంకరమైన తుఫాను వస్తే ఆరు లక్షల మందికి పైగా ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపు. పదమూడేళ్ళలో పదో వంతు! నన్నడిగితే మన రాష్ట్ర చరిత్రలో ఇంతకంటే గొప్ప విజయాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, కానీ ఏ పాఠ్యపుస్తకంలోనూ దీనికి ఒక పేరా లేదు. జరగని చావులకి విగ్రహాలు పెట్టరు కదా.

1996 నవంబరు 6న కోనసీమ తుఫాను మళ్ళీ వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. చిన్న తుఫాను, తీరానికి దగ్గరగా వచ్చి బలపడింది. భైరవపాలెం వైపు చేపల వేటకి, రొయ్యపిల్లలు పట్టడానికి వెళ్ళినవాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు. వాళ్ళ చేతిలో ఏదైనా పరికరం ఉంటే కదా హెచ్చరిక చేరడానికి. అప్పటికి దేశంలోకి సెల్‌ఫోన్ వచ్చి ఏడాది దాటింది. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడింది మొదటి కాల్. నిమిషానికి పదహారు రూపాయల దాకా, వచ్చే కాల్‌కి కూడా డబ్బు. కోనసీమ జాలరికి అది చంద్రమండలం. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాకే ఫోను మన ఊళ్ళకి దిగింది. మా నాన్న మొదటి నోకియా 1100 కొన్నది ఆ తర్వాతే.

ఆ ఫోను గురించి ఒక సంగతి గుర్తుందా మీకు? స్క్రీన్ మీద ఏరియా పేరు పడేది. బస్సులో వెళ్తుంటే గాజువాక, అనకాపల్లి, యలమంచిలి అని మారుతూ ఉండేది. మా చెల్లికి అది సినిమా కంటే ఎక్కువ. దాని పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్ అనీ, జీఎస్‌ఎమ్ స్టాండర్డులో ముందు నుంచీ ఉందనీ ఇంజనీరింగ్ అయ్యాక తెలిసింది. టవరు ఒక ముక్క గాల్లోకి వదుల్తుంది, ఆ నీడలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. ఎవరి నంబరూ అక్కర్లేదు, పది ఫోన్లున్నా పదివేలున్నా ఖర్చు ఒకటే. 2023లో మీ అందరి ఫోన్లూ ఆఫీసు మీటింగు మధ్యలో ఒక్కసారి అరిచి గుండె ఆగినంత పని చేశాయే, టెలికాం శాఖ పంపిన టెస్టింగ్ మెసేజ్, అది ఈ సెల్ బ్రాడ్‌కాస్టే. తుఫాను హెచ్చరికకి ఇంతకంటే చక్కటి సాధనం లేదు. ఊరిపేరు చూపించే టెక్నాలజీని ప్రాణం కాపాడ్డానికి వాడుకోవడానికి మనకి రెండు దశాబ్దాలు పట్టిందన్నమాట. సరే, పట్టింది, వచ్చింది.

కానీ ఇదంతా పైనుంచి కిందికి వచ్చే వార్త. హుద్‌హుద్‌లో ఆ వైపు ఏ లోటూ లేదు. లక్షల మందిని తరలించారు, అంత పెద్ద నగరం మీద గంటకి 180 కిలోమీటర్ల గాలి విరుచుకుపడినా చావులు పదుల్లో ఆగాయి. పదివేలు ఎక్కడ, పదులు ఎక్కడ! తెగిపోయింది రెండో వైపు. ఊళ్ళో ఉన్నవాడు బయటున్నవాడికి చెప్పే రెండు ముక్కలు. మన పాత ఉత్తరాల్లో మొదటి లైనే "ఉభయకుశలోపరి". విషయం ఏదైనా ముందు క్షేమం. టెలిగ్రాములోనూ అంతే, సగం టెలిగ్రాములు చేరాం, బాగున్నాం అనేవే. హుద్‌హుద్‌కి ఏడాది ముందే, 2013 జులైలో ఆ టెలిగ్రాము కూడా మూసేశారు. సెల్లు ఉండగా అదెందుకని.

సెల్లు ఎందుకు చచ్చిపోతుందో చూద్దాం. చాలామంది గాలికి టవర్లు కూలిపోతాయనుకుంటారు. కొన్ని కూలతాయి, కానీ ఎక్కువ టవర్లు నిలబడే చచ్చిపోతాయి. కరెంటు పోయాక టవరు కింద ఉన్న బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి. తర్వాత డీజిల్ జనరేటరు. దానికి డీజిల్ పొయ్యాలంటే మనిషి డబ్బాతో రావాలి. రోడ్డుకి అడ్డంగా మర్రిచెట్టు పడి ఉంటే ఎలా వస్తాడు? విశాఖలో రోడ్లన్నీ చెట్లే. పైగా టవర్లని కలిపే ఫైబరు ఎక్కడో తెగి ఉంటుంది. అంటే మన వైర్‌లెస్ అంతా చివరికి ఒక వైరు, ఒక చెట్టు, ఒక డీజిల్ డబ్బా మీద ఆధారపడి ఉంది. దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం ఆఫీసులో డిజైన్ రివ్యూల్లో అరుచుకుంటాం, ఊరి విషయంలో ఎవరు అరవాలో తెలియదు.

బతికి ఉన్న టవర్ల సంగతి ఇంకో రకం. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1909లోనే టెలిఫోన్ రద్దీకి లెక్క కట్టాడు. ఊళ్ళో అందరికీ సరిపడా లైన్లు ఎవరూ వెయ్యరు, రద్దీ గంటలో నూటికి ఒకరిద్దరికి లైను దొరక్కపోయినా పర్లేదనుకుని వేస్తారు. జీఎస్‌ఎమ్‌లో ఒక ఫ్రీక్వెన్సీకి ఎనిమిది టైమ్‌స్లాట్లు. రెండు ఫ్రీక్వెన్సీలున్న సెల్లులో సిగ్నలింగ్‌కి పోగా ఒకేసారి మాట్లాడగలిగేది పద్నాలుగు మంది. (మా హాస్టల్ వైజాగ్ బ్యాచ్ అంత. ఆ లెక్క క్లాసులో చేసినప్పుడు నేనొక్కడినే నవ్వాను.) ఎర్లాంగ్ లెక్క పనిచెయ్యాలంటే ఎవరి అవసరం వాళ్ళదై, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఫోన్ చెయ్యాలి. తుఫానులో అందరి అవసరం ఒకటే, అందరి టైము ఒకటే. పైగా లైను దొరక్కపోతే మనవాడు ఊరుకుంటాడా? రీడయల్, రీడయల్. బ్యాక్-ఆఫ్ లేని రీట్రై సర్వర్‌ని ఏం చేస్తుందో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దుబాయ్ నుంచీ, డల్లాస్ నుంచీ, హైదరాబాదు నుంచీ ప్రేమతో మనమే మనవాళ్ళ మీద డీడాస్ దాడి చేస్తాం. ఆ సోమవారం సిగ్నల్ ఒక గీత రాగానే మా నాన్న ఫోన్‌కి వరసగా బంధువుల కాల్స్ తగిలి, ఉన్న కాస్త ఛార్జింగూ వాళ్ళకి "బాగున్నాం" చెప్పడానికే అయిపోయిందట. నాకు కాల్ కలవలేదు. ఎస్సెమ్మెస్ వెళ్ళింది.

ఎస్సెమ్మెస్ ఎందుకు వెళ్ళిందంటే, దానికి మాట్లాడుకునే స్లాటు అక్కర్లేదు, సిగ్నలింగ్ దారిలో సందు చూసుకుని దూరుతుంది. అవతలి ఫోను అందుబాటులో లేకపోతే సెంటర్లో కూర్చుని ఉంటుంది, ఫోను బతికినప్పుడు ఇస్తుంది. అచ్చం పోస్ట్‌మేన్. మొత్తం 140 బైట్లు. ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగు యూనికోడ్‌లో 70. "క్షేమం" అని రాస్తే ఆరు కోడ్‌పాయింట్లు, పన్నెండు బైట్లు. ఒక నగరం మొత్తం తన వాళ్ళందరికీ ఆ పన్నెండు బైట్లు చేరవేస్తే, ఇరవై లక్షల జనాభా అనుకున్నా, ఇరవై నాలుగు ఎమ్‌బీ. ఒక సినిమా పాట వీడియో అంత! దానికోసం అన్ని లక్షల మంది రెండు మూడు రోజులు నిద్ర మానుకున్నారు.

దీన్ని కూడా ఒక సమస్యగా చూసి సాధనం కట్టినవాళ్ళు లేకపోలేదు. 1995లో కోబే భూకంపంలో ఇదే అవస్థ పడ్డ జపాన్ 1998లో 171 అనే నంబరు పెట్టింది. విపత్తు వచ్చినప్పుడు అందులో నీ నంబరు మీద ముప్ఫై సెకన్ల మాట వదిలిపెట్టు. నీకోసం వెతికేవాళ్ళు నీ నంబరే నొక్కి, ఎక్కడో దూరంగా ఉన్న మెషీన్ నుంచి వింటారు. నీ ఊరి టవరు మీద వాళ్ళ భారం పడదు. నాన్న యాభై సార్లు చెప్పిన "బాగున్నాం" ఒక్కసారి చెప్తే సరిపోయేది. ఫేస్‌బుక్ వాళ్ళు సేఫ్టీ చెక్ ప్రకటించింది సరిగ్గా హుద్‌హుద్ వెళ్ళిన వారంలోనే, 2014 అక్టోబరు మధ్యలో. మూడు రోజులు లేటు. అయినా దానికి డేటా కావాలి, మనకి గీత సిగ్నలే గతి లేదు.

మన దగ్గర ఈ పని తెలిసినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, హామ్ రేడియో వాళ్ళు. వాళ్ళ భాషలో క్షేమసమాచారాలు చేరవెయ్యడానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, వెల్ఫేర్ ట్రాఫిక్. హైదరాబాదులో 1983లో పెట్టిన అమెచ్యూర్ రేడియో జాతీయ సంస్థ తరఫున అండమాన్ వెళ్ళిన భారతీ ప్రసాద్ గారి బృందం 2004 డిసెంబరు 26న పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. సరదాకి ప్రపంచంతో మాట్లాడదామని వెళ్ళినవాళ్ళు, సునామీ వచ్చి ఫోన్లు పోగానే ఆ రేడియో మీదే అక్కడివాళ్ళ కబుర్లు బయటికి చేరవేశారు. కాలేజీలో ఉండగా హామ్ లైసెన్సు పరీక్ష రాద్దామని నేను పుస్తకం కూడా కొన్నాను. ప్లేస్‌మెంట్స్ వచ్చాయి, పుస్తకం అటకెక్కింది. సిగ్గుపడాల్సిన విషయమే :-)

తర్వాత పూర్తిగా చీకటేమీ కాదు. 2019లో ఒడిశాకి ఫణి వచ్చినప్పుడు ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేసేలా రోమింగ్ తెరిచారు. బతికున్న టవరు ఏదైతే అది అందరిదీ అన్నమాట. 2014లో విశాఖలో అది ఉంటే ఎంత బావుండేదో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. అక్కడున్న నా ఫ్రెండొకడు కరెంటు లేక ఫోను ఆరిపోతుంటే, గంటకోసారి ఆన్ చేసి ఒక్క మెసేజ్ పెట్టి ఆపేసేవాడు. వాడికెవరూ చెప్పలేదు, వాళ్ళమ్మకి బీపీ అని అలా చేశాడు.

మా ఇంట్లో మాత్రం హుద్‌హుద్ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. తుఫానప్పుడు ఎవరూ చిక్కుకున్నవాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు. లోపలున్నవాళ్ళే బయటున్న ఒక్కరికి చెప్తారు, ఆ ఒక్కరు మిగతా అందరికీ చెప్తారు. ఆ ఒక్కరు ఇప్పుడు నేను, హైదరాబాదులో ఉన్నాను కాబట్టి. అమ్మమ్మకి మెసేజ్ టైపు చెయ్యడం రాదు. ఆవిడకి వేరే పద్ధతి. ఒక్క రింగు ఇచ్చి కట్ చెయ్యాలి. ఒక రింగంటే అందరూ ఉన్నారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు అమ్మమ్మ పామర్రులో ఉంది. తాతయ్య పోయాక పెద్దమామయ్య వాళ్ళతోనే ఉంటోంది. సాయంత్రం మాట్లాడితే, "ఇదేం గాలిరా, దివి గాలి ముందు విసనకర్ర" అంది. రాత్రి పదిన్నరకి మామయ్య వాట్సాప్‌కి ఒకే టిక్కు పడటం మొదలైంది. పన్నెండుకి బంధువుల గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యాయి. "ఎవరూ కొట్టకండి" అని పెట్టాను. నాక్కూడా వేలు దురదపెట్టింది, అబద్ధమెందుకు, రెండుసార్లు డయల్ ప్యాడ్ తెరిచి మూసేశాను. పుల్లలు ఏరుకునే పిల్లాడిలా ఐఎమ్‌డీ బులెటిన్లు ఒక్కోటీ తెరిచి చదువుతూ కూర్చున్నాను. మచిలీపట్నం రాడార్ బొమ్మలో పామర్రు మీద పసుపు, ఆకుపచ్చ వచ్చిపోతున్నాయి.

తెల్లారగట్ల అయిదూ నలభైకి ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది.